గ్రాఫెన్‌వోర్ డ్యూటీ మీద వచ్చినప్పుడు ఏ బీరు మేలు: మ్యూనిక్ మగ్గా, బామ్‌బెర్గ్ పొగబీరా, పక్క ఊరి త్సోయ్గ్లా?

అమెరికన్ ఆర్మీలో ఉన్న మన తెలుగు కుర్రాళ్ళకి జర్మనీ రొటేషన్ (కొన్నాళ్ళ డ్యూటీ) అని ఆర్డర్ చేతికి రాగానే ఫోన్ చేసి అడిగేది ఒకటే, "అన్నా, అక్టోబర్‌ఫెస్ట్‌కి ఎలా వెళ్ళాలి?" అని. అది మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు పండగ, తీరిక ఉంటే తప్పకుండా వెళ్ళండి. కానీ మొత్తం డ్యూటీలో మీ చేతికి ఒక్క వీకెండే దొరికేట్టుంటే మాత్రం మ్యూనిక్ రైలెక్కకండి, విండిష్‌ఎషెన్‌బాఖ్ అనే చిన్న ఊరికి, అక్కడి త్సోయ్గ్ల్ అనే బీరు కోసం పొండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే జర్మనీ బీరు గురించి రాసేవాళ్ళంతా టూరిస్టుల కోసం రాస్తారు, మన పరిస్థితి వేరు.

టూరిస్టుకి రోజులు తన చేతిలో ఉంటాయి, మనకి ఉండవు. ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టేది లేదు, వెనక్కొచ్చాక ఆయుధాలు శుభ్రం చేసి అప్పగించేసరికి శుక్రవారం సాయంత్రం అయిపోతుంది, సోమవారం తెల్లారకముందే మళ్ళీ పరుగు. కారుండదు, ఉన్నా తాగి నడపలేం. కాబట్టి నేను బీరుని నాలుగు విషయాల మీద తూస్తాను: బేస్ నుంచి ఎంత దూరం, బండి నడపకుండా వెళ్ళి రాగలమా, మర్నాడు తల ఎలా ఉంటుంది, ఇదే బీరు ఇంటికెళ్ళాక అమెరికాలో దొరుకుతుందా. నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. టెక్సస్‌లో షాపులో కొనుక్కోగలిగిన దాని కోసం ఉన్న ఒక్క శనివారాన్ని ఎందుకు ఖర్చు పెట్టాలి?

గ్రాఫెన్‌వోర్ (మనవాళ్ళు గ్రాఫ్ అంటారు) అంటే తెలియని వాళ్ళకి రెండు మాటలు. బవేరియాలో, చెక్ సరిహద్దుకి దగ్గర్లో, ఎగువ పలాటినేట్ అనే ప్రాంతంలో పైన్ అడవుల మధ్య ఉన్న పెద్ద ఫైరింగ్ రేంజి ఇది. 1910లో బవేరియా సైన్యం ఇక్కడ మొదటి గుండు పేల్చింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ల చేతికొచ్చింది. ఎల్విస్ ప్రెస్లీ కూడా 1958లో మామూలు సైనికుడిగా ఇక్కడే ట్రైనింగ్ చేశాడు. పక్కనే విల్‌సెక్, ఇంకొంచెం దూరంలో హోహెన్‌ఫెల్స్. మనవాళ్ళు ఎక్కువమంది వచ్చి పడేది ఈ మూడు చోట్లకే.

ముందు మ్యూనిక్ సంగతి. అక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబర్ సగం దాటాక మొదలై అక్టోబర్ మొదట్లో ముగిసిపోతుంది, మీ రొటేషన్ ఫిబ్రవరిలో పడితే ఆ ఊసే లేదు. అక్కడ పోసేది ఆరు మ్యూనిక్ కంపెనీల బీరు మాత్రమే: ఆగుస్టినర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, స్పాటెన్. మగ్గు లీటరు. పండగ కోసం కాచే బీరు కాబట్టి ఆల్కహాల్ ఆరు శాతం దరిదాపుల్లో ఉంటుంది, తియ్యగా జారిపోతుంది కాబట్టి రెండో మగ్గు అయ్యేదాకా దాని బలం తెలియదు. 2025లో మగ్గు ధర 14.50 నుంచి 15.80 యూరోల దాకా ఉంది. టెంటులో బల్ల దొరకాలంటే వీకెండులో పొద్దున్నే వెళ్ళి కూర్చోవాలి. గ్రాఫ్ నుంచి రానూ పోనూ ప్రయాణం కలుపుకుంటే రోజంతా దానికే సరి. బేస్ వాళ్ళు వేసే టూర్ బస్సు దొరికితే డ్రైవింగ్ టెన్షన్ ఉండదు, అది ఒక్కటి పెద్ద మేలు.

మ్యూనిక్‌ని తక్కువ చేసి మాట్లాడను. పండగ లేని రోజుల్లో, వేసవిలో, స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఆగుస్టినర్ కెల్లర్ తోటలో చెస్ట్‌నట్ చెట్ల కింద కూర్చుని చెక్క పీపాలోంచి పట్టిన లేత రంగు బీరు తాగడం అక్టోబర్‌ఫెస్ట్ కంటే వెయ్యి రెట్లు నయం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బవేరియా బీరు తోటల్లో గుడ్డ పరచని బల్లల దగ్గర మన తిండి మనం తెచ్చుకుని తినొచ్చు, బీరు మాత్రం వాళ్ళ దగ్గర కొనాలి. ఇది 1812లో రాజు మాక్సిమిలియన్ హయాం నుంచి వస్తున్న పద్ధతి. పులిహోర, కోడి వేపుడు బాక్సుల్లో సర్దుకెళ్ళండి, ఎవరూ వింతగా చూడరు, పక్క బల్లల వాళ్ళు కూడా ముల్లంగి, చీజ్, రొట్టె ఇంటి నుంచే తెచ్చుకుంటారు. పంది మాంసం తినని వాళ్ళకి జర్మనీలో ఇంతకంటే సుఖమైన చోటు లేదు. కానీ నాలుగో ప్రశ్న దగ్గర మ్యూనిక్ ఓడిపోతుంది. పౌలానర్, స్పాటెన్, హోఫ్‌బ్రాయ్ అమెరికాలో ఏ పెద్ద లిక్కర్ షాపుకెళ్ళినా కనిపిస్తాయి.

ఇక త్సోయ్గ్ల్. ఇది ఏ కంపెనీ బీరూ కాదు, ఊరి బీరు. విండిష్‌ఎషెన్‌బాఖ్, దాన్ని ఆనుకుని ఉన్న నొయ్‌హౌస్, ఫాల్కెన్‌బెర్గ్, మిట్టర్‌టైఖ్, ఎస్లార్న్, ఈ ఐదు చోట్ల ఊరందరికీ కలిపి ఒక బీరు కాచే ఇల్లు ఉంటుంది. ఊళ్ళో కొన్ని పాత ఇళ్ళకి మాత్రమే బీరు కాచుకునే హక్కు ఉంది, ఆ హక్కు మనిషిది కాదు, ఇంటిది. నొయ్‌హౌస్‌కి ఈ హక్కు 1415లో వచ్చింది. వంతుల ప్రకారం ఒక్కో కుటుంబం వచ్చి, ఊరికి రుసుము కట్టి, కట్టెల మంట మీద పెద్ద డేగిసాలో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), చేదు కోసం వేసే హాప్స్ పూలు ఉడికిస్తారు. ఆ వేడి రసాన్ని లోతు లేని వెడల్పాటి లోహపు తొట్టిలోకి వదిలి రాత్రంతా ఆరనిస్తారు. తెల్లారాక ఎవరి రసం వాళ్ళు ట్యాంకులో పోసుకుని ఇంటికి తీసుకెళ్ళిపోతారు. అక్కడ ఈస్ట్ కలపడం, నేలమాళిగ చల్లదనంలో కొన్ని వారాలు పులియబెట్టి ఊరబెట్టడం, అంతా ఇంటి పని. కాబట్టి ఒకే ఇంట్లో కాచిన రసం నాలుగు ఇళ్ళకి వెళ్ళి నాలుగు రకాల బీరవుతుంది. వడకట్టరు, అందుకే కాస్త మబ్బుగా ఉంటుంది, గ్యాస్ తక్కువ, నోట్లో రొట్టె రుచి ముందు తగిలి చేదు చివర్లో వస్తుంది. 2018లో జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ పద్ధతిని చేర్చుకుంది.

తాగే తీరు కూడా వేరు. బీరు తయారైన ఇంటివాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు, నెలకోసారి అనుకోండి, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఇంటి ముందు ఆరు కోణాల నక్షత్రం వేలాడదీసి తలుపు తెరుస్తారు. ఏ వారం ఏ ఇల్లు అనేది త్సోయ్గ్ల్ క్యాలెండర్‌లో ఉంటుంది, నెట్‌లో చూసుకోవచ్చు. లోపల పొడుగాటి చెక్క బల్లలు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ పక్కవాళ్ళని అడిగి కూర్చోవాలి. వేరే బల్ల కోసం చూస్తూ గుమ్మంలో నిలబడితే చోటు దొరకదు. అరలీటరు గ్లాసు తెచ్చి పెట్టి, అట్టముక్క మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తారు. ఇంకో గ్లాసుకి ఇంకో గీత. లేచేటప్పుడు ఆ గీతలే బిల్లు. ఆ అట్టని జాగ్రత్తగా చూసుకోండి, దాని మీద బొమ్మలు గీయకండి. తినడానికి చల్లని పళ్ళేలు: సాసేజీలు, లివర్ ముద్ద, నల్ల రొట్టె, ఆవాల ముద్ద. మాంసం వద్దనుకునే వాళ్ళు ఒబాట్స్‌డా అడగండి, మెత్తటి చీజ్‌లో వెన్న, కారప్పొడి రంగులో ఉండే పాప్రికా, ఉల్లిపాయ కలిపి చేస్తారు, మన నాలుకకి తొందరగా పడుతుంది. మ్యూనిక్ పండగలో ఒక్క మగ్గుకి పెట్టే డబ్బుతో ఇక్కడ తాగడం, తినడం రెండూ అయిపోతాయి. నగదు తీసుకెళ్ళండి, కార్డు నమ్ముకోవద్దు.

పొద్దున్నే చెట్టు దగ్గర దించిన కల్లుకీ, ఊళ్ళు దాటి వచ్చిన కల్లుకీ తేడా ఏంటో మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. త్సోయ్గ్ల్ కూడా అంతే, ఆ ఇంటి నేలమాళిగ దాటి ఎక్కువ దూరం పోదు. సూపర్‌మార్కెట్‌లో సీసా మీద త్సోయ్గ్ల్ అని రాసి అమ్ముతుంటారు, అవి మామూలు కంపెనీలు కాచే బీర్లు, ఆ పేరు ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి వాడుకుంటున్నారు. చెడ్డవి కావు, కానీ అవి తాగి త్సోయ్గ్ల్ తాగామనుకోకండి.

దూరం సంగతి చూస్తే, విల్‌సెక్‌లో రైలెక్కి వైడెన్‌లో మారితే విండిష్‌ఎషెన్‌బాఖ్‌లో దిగొచ్చు. గ్రాఫ్ ఊళ్ళోంచి రైలు లేదు, నలుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకోవాలి, లేదా తాగని వాడొకడు బండి నడపాలి. మర్నాడు తల బాగానే ఉంటుంది, ఎందుకంటే ఇది పండగ బీరంత బలమైనది కాదు, గ్లాసు అరలీటరే, పైగా ఇక్కడ ఎవరూ గబగబా తాగరు. పక్కన కూర్చున్న ముసలాయన గంటకి ఒక గ్లాసు చొప్పున తాగుతూ మాట్లాడుతుంటే మనం కూడా ఆ నడకలో పడిపోతాం. బేస్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన జర్మన్లు ఇక్కడ కనిపిస్తారు, ఇంగ్లీష్ మాట్లాడతారు, ఏ యూనిట్ అని అడుగుతారు. నాకు ఈ ప్రాంతం మీద ప్రేమ కలిగింది వాళ్ళ వల్లే. రాత్రిళ్ళు మన ఫిరంగుల మోతకి వాళ్ళ కిటికీలు అదురుతుంటాయి, అయినా బల్ల దగ్గర జరిగి చోటిస్తారు.

బామ్‌బెర్గ్ నా రెండో ఓటు. అక్కడ కూడా 2014 దాకా అమెరికన్ బేస్ ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడి రౌఖ్‌బీర్ అంటే పొగబీరు. మాల్టుని బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగ వాసన బీరులోకి దిగుతుంది. ఒకప్పుడు నిప్పు మీద మాల్టు ఆరబెట్టిన బీర్లన్నీ ఎంతో కొంత ఇలాగే ఉండేవి, వేడి గాలితో ఆరబెట్టే పద్ధతి వచ్చాక మిగతా ఊళ్ళు వదిలేశాయి. ష్లెంకర్లా, ష్పెట్సియాల్ అనే రెండు చోట్ల మాత్రం ఇప్పటికీ మాల్టు స్వయంగా పొగబెట్టుకుంటున్నారు. ష్లెంకర్లా పాత ఊరి మధ్యలో, నల్లబడిన దూలాల కింద, చెక్క పీపాలోంచి నేరుగా పోస్తారు, రంగు దాదాపు నలుపు, 5.1 శాతం, మొదటి గుక్క కాల్చిన మాంసంలా తగులుతుంది. మొదటి గ్లాసుకే నచ్చలేదని లేచిపోకండి, రెండో గ్లాసు సగానికొచ్చేసరికి నాలుక అలవాటుపడి పొగ వెనకాల ఉన్న తీపి బయటికొస్తుంది. ష్పెట్సియాల్ స్టేషన్‌కి దగ్గర, 1536 నాటిది, పొగ తక్కువ, ఊరివాళ్ళు ఎక్కువ. కొత్తవాళ్ళు ష్పెట్సియాల్‌తో మొదలెట్టి తర్వాత ష్లెంకర్లాకి వెళ్ళడం మంచిది. ఊరు కూడా అందమైనది, యునెస్కో 1993లోనే గుర్తించింది, బీరు ముట్టని భార్యనో స్నేహితుణ్ణో తీసుకెళ్ళినా వాళ్ళకి రోజు వృథా కాదు. కానీ దూరం ఎక్కువ, రైలు నురెంబర్గ్ మీదుగా మారాలి, ష్లెంకర్లా సీసాలు అమెరికాకి కూడా వస్తాయి. అందుకే రెండో స్థానం.

జర్మనీ పడమటి వైపున్న రామ్‌స్టైన్, కైజర్స్‌లౌటర్న్‌లలో పోస్టింగ్ అయితే లెక్క మారుతుంది. అక్కడ బిట్‌బుర్గర్ లాంటి పిల్స్ అనే లేత రంగు బీరు ఎక్కడైనా దొరుకుతుంది, శుభ్రంగా, చేదుగా బాగుంటుంది, కానీ అది ద్రాక్షతోటల దేశం, అక్కడున్నప్పుడు వైన్‌లో సోడా కలిపిన షోర్లె తాగండి.

ఎక్కడికీ కదల్లేని వారాలుంటాయి. అప్పుడు బ్యారక్స్ షాపులో అమెరికన్ లైట్ బీరు కొనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గేటు దాటితే గెట్రెంకెమార్క్ట్, అంటే డ్రింక్స్ అమ్మే పెద్ద షాపు ఉంటుంది. అరలీటరు సీసాలు ఇరవై ఉండే పెట్టె తీసుకోండి, నలుగురు పంచుకోండి, ఫ్రీడెన్‌ఫెల్స్, ఆంబెర్గ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ బీరు అడగండి. సీసాకి 8 సెంట్లు, పెట్టెకి 1.50 యూరో, మొత్తం 3.10 డిపాజిట్ కడతారు, ఖాళీవి తిరిగిచ్చి ఆ డబ్బు వెనక్కి తీసుకోండి. మర్నాడు రేంజ్‌లో ఫైరింగ్ ఉన్న రాత్రికి ఆల్కహాల్ లేని వైస్‌బీర్ తీసుకోండి, గోధుమ రుచి అలాగే ఉంటుంది, ఇక్కడి ఆటగాళ్ళు కూడా అదే తాగుతారు.

వెళ్ళే ముందు మీ సార్జెంట్‌ని అడగండి, కొన్ని యూనిట్లు రొటేషన్‌లో మద్యం పూర్తిగా ఆపేస్తాయి, కొన్ని పరిమితి పెడతాయి. యూనిఫాంలో వెళ్ళొద్దు. జర్మనీలో బండి నడిపేవాడి రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 0.5 వంతు దాటితే జరిమానా, కనీసం నెల రోజులు బండి నడపకుండా నిషేధం, 0.3 ఉండి డ్రైవింగ్‌లో తప్పు చేసినా కేసే, పైగా ఆ కాగితం మీ కమాండర్ దాకా వస్తుంది. శని, ఆదివారాలు గార్డు డ్యూటీ పడినవాళ్ళు త్సోయ్గ్ల్ పోయిందని దిగులు పడక్కర్లేదు, చాలా ఇళ్ళు సోమవారం సాయంత్రం కూడా తెరిచే ఉంటాయి. కాకపోతే ఆదివారానికే పీపాలు ఖాళీ అయ్యే వారాలుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ ఇంటికి ఒక ఫోన్ కొట్టి కనుక్కోండి.