ఆర్కన్సా పేరును చక్కగా నేర్పే ఉచ్చారణ యాప్

అమెరికా రాష్ట్రాల పేర్లను ఆంగ్లంలో పలకడం నేర్పే ఈ యాప్‌లో అన్నిటికన్నా మెచ్చుకోదగినది ఆర్కన్సా పాఠం. కాన్సస్ పేరులో చివరి సకారం వినిపిస్తుండగా, అవే అక్షరాలతో ముగిసే ఆర్కన్సాలో అది పలకకపోవడానికి ఫ్రెంచివారి పలుకుబడి కారణమని, ఆ ఉచ్చారణనే రాష్ట్ర శాసనసభ 1881లో తీర్మానం ద్వారా ఖరారు చేసిందని ఇందులో ఎంతో స్పష్టంగా వివరించారు. అక్షరాలను బట్టి ‘ఆర్కాన్సస్’ అని చదివేవారికి ఇది తప్పనిసరిగా వినవలసిన పాఠం. ఇల్లినాయ్ పాఠం కూడా ఫరవాలేదు. నెవాడా విషయంలో మాత్రం, రెండవ అక్షరాన్ని స్థానికులు ‘వ్యా’కు దగ్గరగా పలుకుతారన్న సంగతిని వదిలేయడం నా దృష్టిలో పెద్ద లోపం, ఎందుకంటే ఆ రాష్ట్రవాసులు దీన్ని చాలా పట్టించుకుంటారు. కాన్సస్‌లో పారే ఆర్కన్సా నది పేరును అక్కడ చాలామంది సకారంతోనే పలుకుతారన్నదీ చేర్చాలి.