తాతయ్య రూపాయలు ఎక్కడ అమ్మితే మేలు?

"మా ఇంట్లో పాత రూపాయలు దొరికాయి, ఎక్కడ అమ్మాలి?" అని ఎవరో ఒకరు అడగని నెల లేదు. నిరుడు ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. హనుమకొండలో మా మేనమామ పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య ట్రంకుపెట్టె అడుగున గుడ్డమూట దొరికింది. విప్పితే నలభైకి పైగా వెండి రూపాయలున్నాయి. సగం చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు; సగం రాజుల తలకాయలున్న కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. వాటితో పాటు నాలుగు మడతలు పెట్టిన రెండు నిజాం నోట్లు, గుప్పెడు చిల్లర. అమ్మే బాధ్యత నామీద పెట్టారు. నేను ఎక్కిన గడపల గురించి చెబుతాను.

మొదటి గడప అందరిదీ ఒకటే, తెలిసిన బంగారం కొట్టు. అక్కడ నాణేన్ని చూడరు, తూస్తారు. కల్దారు బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. పెద్దలు రూపాయెత్తు అనేది దీన్నే. 1939 దాకా అందులో 91.7 శాతం వెండి ఉంది కనుక నికరంగా 10.7 గ్రాములు వస్తుంది. 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, అది నికెల్. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు. చాలా ఏళ్ల ముద్రణల్లో వెండి 81.8 శాతం, అంటే 9.1 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని బయల్దేరండి. దానికి తగ్గితే ఎవరికీ ఇవ్వకూడదు. అంతవరకే ఆ కొట్టుతో పని. 1911 రూపాయినే తీసుకోండి. అందులో ఐదో జార్జి అంగీ మీది ఏనుగు పంది లాగా కనబడుతోందని గొడవై, మరుసటి ఏడు బొమ్మ మార్చారు. సేకరించేవాళ్లు 1911 దాన్ని వెతుక్కుంటూ వస్తారు. త్రాసులో మాత్రం 1911కీ 1912కీ తేడా లేదు.

రెండో గడప పాత నాణేల వ్యాపారి. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టుపక్కల, ముర్గీచౌక్ వైపు ఇలాంటి దుకాణాలున్నాయి. నేను వెళ్లిన ఒకాయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, మూట మొత్తానికి గంపగుత్తగా ఒక ధర చెప్పాడు. వెండి లెక్కకు కాస్త పైనే ఉంది. మా మామయ్య ఇచ్చేద్దామన్నాడు. నాకు మాత్రం ఒక్క విషయం మనసులో గుచ్చుకుంది. ఆయన నోట్ల మడతలు విప్పనే లేదు.

ఎక్కడ అమ్మాలో తేల్చే విషయం నా దృష్టిలో ఇదొక్కటే. ధర కట్టేవాడూ కొనేవాడూ ఒక్కడే అయితే అమ్మేవాడికి న్యాయమైన ధర రాదు. ఆ వ్యాపారి మోసగాడని కాదు. సరుకు కొని ఎన్నాళ్లు పెట్టుకోవాలో తెలియదు, డబ్బు ఇరుక్కుంటుంది, లాభం చూసుకోవాలి. అతని చోట నేనున్నా తక్కువే చెబుతాను. అయితే ఆ తక్కువ ఎంతో నాకు తెలియాలంటే అదే నాణేన్ని ఇంకో నలుగురు చూడాలి. కమిషన్ ఎంత, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, ఊరు ఎంత దూరం అన్నవన్నీ దీని తర్వాతే. తప్పనిసరిగా వ్యాపారికే అమ్మాలంటే కనీసం ముగ్గురి దగ్గరికి వెళ్లండి. గంపగుత్త బేరానికి ఒప్పుకోకుండా ఒక్కో నాణేనికి విడిగా ధర చెప్పమనండి.

నలుగురూ ఒకేచోట దొరికేది నాణేల ప్రదర్శనలో. హైదరాబాద్, బెంగళూరు, ముంబై లాంటి చోట్ల సేకర్తల సంఘాలు, వ్యాపారులు కలిసి రెండు మూడు రోజుల పాటు పెడుతుంటారు. కల్యాణమండపం లాంటి హాల్లో బల్లలు వరసగా వేసి ఉంటాయి. ఒక బల్ల దగ్గర విన్న ధర పక్క బల్లకు వెళ్లేసరికి మారిపోతుంది. వ్యాపారులే కాదు, తన సెట్లో ఒక్క సంవత్సరం నాణెం తక్కువైన సేకర్త కూడా అక్కడ తిరుగుతుంటాడు. మన నాణేనికి నిజమైన ధర ఇచ్చేది అతనే. మొదటి పూట నేనేమీ అమ్మలేదు. ఊరికే అన్ని బల్లలూ తిరిగి, చెప్పిన ధరలన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా చేతిలో నోటు చూసి ఒక పెద్దాయన "సంతకం ఎవరిదో చూశావా బాబూ?" అని అడిగాడు. నిజాం నోట్లకు ధర నిర్ణయించేది దాని మీది అంకె ఒక్కటే కాదట, కింద సంతకం పెట్టిన అధికారి కూడానట. మా రెండు నోట్లలో ఒకటి మామూలుగా దొరికేదే. రెండోది అలా దొరకదు. ఆయన దాన్ని కొంటానని అడగలేదు, "ఇక్కడ అమ్మొద్దు, వేలానికి పంపు" అన్నాడు. కొనాలన్న ఆశ లేని మనిషి చెప్పిన మాట కాబట్టి నమ్మాను.

రూపాయలు మాత్రం అక్కడే అమ్మేశాను, ముగ్గురికి విడివిడిగా. పాతబస్తీలో మొత్తం మూటకు చెప్పిన ధర కంటే ఈ రూపాయలకే ఎక్కువ వచ్చింది. ఒక పదింటికి మాత్రం వెండి ధరే పలికింది. మా అత్తయ్య, పాపం, శుభ్రంగా కనబడాలని వాటిని చింతపండుతో తోమింది. ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి చాయే సేకర్తలకు కావలసింది. దయచేసి చింతపండు, పీతాంబరి పొడి, టూత్‌పేస్టు ఏవీ నాణేల దగ్గరికి రానివ్వకండి. నోట్లను ఇస్త్రీ చేయకండి, చిరుగులకు టేపు అతికించకండి.

ఇక వేలం. బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ పేరున్న సంస్థలు. దేశంలోని పెద్ద సేకర్తలంతా వీటి కేటలాగులు చూస్తారు. వేలం పాటలో ధర కట్టేది పోటీ. సంస్థకు కమిషనే ఆదాయం, ధర పెరిగితే దానికీ లాభమే. అందుకే అరుదైన వస్తువుకు వేలాన్ని మించింది లేదని నా నమ్మకం. చిక్కులూ ఉన్నాయి. మామూలు నాణేలను తీసుకోరు, తీసుకున్నా పదో ఇరవయ్యో కలిపి ఒక లాటుగా పెడతారు. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. పాట ఎంతకు ఆగిందో అంతా మనకు రాదు, కమిషన్ పోతుంది. సంతకం పెట్టే ముందు కమిషన్ ఎంతో, కనీస ధర రాయిస్తారో లేదో, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు ఎవరిదో కాగితం మీద అడగండి. అమ్మే ఉద్దేశం లేకపోయినా, పాత వేలాల ఫలితాలు ఈ సంస్థల సైట్లలో చూసుకోవచ్చు. మీ నాణెం లాంటిది, అదే స్థితిలో ఉన్నది ఎంత పలికిందో తెలుస్తుంది.

ఆన్‌లైన్ గురించి ఎక్కువమంది అడుగుతారు గానీ చెప్పేది కొంచెమే. ఫేస్‌బుక్‌లో సేకర్తల గుంపులు వస్తువును గుర్తుపట్టడానికి బాగా పనికొస్తాయి, ఫొటో పెడితే చాలు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలకు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామనే ప్రకటనలు మాత్రం వల. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను అంటూ మన దగ్గరే గుంజుతారు. ఇలాంటి లావాదేవీలకు ఫీజు, కమిషన్ వసూలు చేయమని తాము ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొనేవాడు మీ దగ్గర ముందుగా డబ్బు అడిగాడంటే ఫోన్ పెట్టేయండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపి అక్కడ అమ్మించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించకూడదు. చార్మినార్ రూపాయి మీది హిజ్రీ సంవత్సరాన్ని ఇంగ్లిషు సంవత్సరంలోకి మార్చి చూసుకోండి. 1340 అంటే 1921-22. పొలంలోనో పునాదిలోనో దొరికినవైతే అమ్మకం మాట తర్వాత, ముందు కలెక్టరుకు తెలియజేయాలి. 2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యి నోట్లు మామూలు మనుషుల దగ్గర పదికి మించి ఉండకూడదు.

మా నోటు ఇప్పుడు వేలం సంస్థ దగ్గరుంది. పాట వచ్చే నెల. కనీస ధర దగ్గర మా మామయ్యకూ నాకూ వాదన జరిగింది. ఆయన తగ్గిద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. అమ్ముడుపోకపోతే నోటు తిరిగి మా ఇంటికే వస్తుంది. ఈసారి మడత పెట్టకుండా దాచడానికి అట్టపెట్టె, ప్లాస్టిక్ తొడుగు కొని సిద్ధంగా ఉంచాను.