కథలు దిద్దుకోవడానికి గూగుల్ డాక్స్: నా అనుభవం

కథ అచ్చుకి పంపేముందు నిక్కచ్చిగా చదివిపెట్టే మనిషి దొరకడం కష్టం. నాకు ఒక కథల వర్క్‌షాప్‌లో వరంగల్ రచయిత్రి ఒకరు పరిచయమయ్యారు. నాది విజయవాడ. ఒకరి కథలు ఒకరం చూసుకునేది, నెట్‌లో ఒకే ఫైల్‌ని ఇద్దరూ తెరిచి దిద్దుకునే గూగుల్ డాక్స్‌లోనే.

ఫైల్ షేర్ చేసేటప్పుడు ఆవిడకి 'కామెంటర్' అనుమతి మాత్రమే ఇస్తాను. అప్పుడు ఆవిడ ఏం మార్చినా వేరే రంగులో సూచనగానే కనిపిస్తుంది. నేను టిక్ కొడితేనే కథలోకి వస్తుంది. కథ నా చేతిలోనే ఉందన్న ధీమా పోదు.

అసలు లాభం పక్కన రాసే కామెంట్లతో. మొన్నటి కథలో తండ్రి పొలం అమ్మే చోట, "ఈయన ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారండీ? భార్య ఒక్క మాటైనా అనదా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో రెండు సీన్లు మళ్లీ రాశాను, భార్య పాత్ర నిలబడింది. వాక్యాలు దిద్దేవాళ్లకన్నా ఇలా అడిగేవాళ్లే నాకు కావాలి.

పాత ప్రతులు దాచి ఉంచే 'వెర్షన్ హిస్టరీ' ఉంది కాబట్టి పాత ప్రతి పోతుందన్న టెన్షన్ లేదు. ఖర్చూ లేదు.

నవలైతే అధ్యాయానికో ఫైల్ పెట్టుకోండి. ఏం చూడాలో పైనే రాయండి: "ముగింపు చూడండి, అచ్చుతప్పులు వదిలేయండి" అని. మొహమాటపడే స్నేహితులకి పంపితే మాత్రం "చాలా బాగుంది" అన్న ఒక్క కామెంటే వస్తుంది. కొత్తవాళ్లతో ముందు ఒక చిన్న కథ మార్చుకుని చూడండి.