వీణ కోసం కొన్న బండి: చోటు సరే, వెనక అద్దమే పగబట్టింది

మైలేజీ, ఇంజను, టచ్‌స్క్రీను సంగతులు షోరూం వాళ్లే చెప్తారు, వాటి ఊసు ఇక్కడ లేదు. నాలుగు మీటర్ల లోపు హ్యాచ్‌బ్యాక్‌లో సరస్వతీ వీణను పెట్టెతో సహా హన్మకొండ నుంచి హైదరాబాదుకూ కరీంనగర్‌కూ తిప్పితే ఏది బాగుంటుంది, ఏది బెడిసికొడుతుంది అన్నదే విషయం.

ముందు నచ్చిందే చెప్తాను. వెనక సీటు 60:40గా రెండు ముక్కలుగా విడివిడిగా మడతపడుతుంది, చిన్న భాగం ఎడమ వైపు ఉంది. దాన్ని మడిచి, ముందు ఎడమ సీటును కాస్త ముందుకు జరిపితే డిక్కీ తలుపు నుంచి ఆ సీటు వీపు దాకా 56 అంగుళాలు వస్తుంది. ఫైబర్ పెట్టెలో వీణ 53. వీణ ఎక్కాక కూడా ముందు ఇద్దరు, వెనక ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీటు మొత్తం ఒకే ముక్కగా మడిచే బండి అయితే మృదంగం ఆయన బస్సెక్కాల్సిందే. కొనేముందు ఆ చిన్న భాగం ఎటుందో తప్పకుండా చూడండి. కుడి వైపుంటే అది డ్రైవరు వెనకాల పడుతుంది, డ్రైవరు సీటును ముందుకు జరపడం కుదరదు. బ్రోచర్లో 60:40 అని రాస్తారు కానీ ఏ వైపు ఏదో రాయరు. టేపు పట్టుకుని వెళ్లి కొలవడమే.

వీణను అడ్డంగా పెట్టే ఆశ వదులుకోండి. డిక్కీలో చక్రాల గూళ్ల మధ్య 40 అంగుళాలే ఉంది. పొడవుగా పెట్టినా కుండ, అంటే వీణకు ఒక చివరనుండే గుండ్రటి లావు భాగం, ముందుకే ఉండాలి. కుండ దగ్గర పెట్టె 16 అంగుళాల వెడల్పు, వెనక పెడితే గూడు ఉబ్బుకు తగిలి పక్కకు ఒరుగుతుంది. కాబట్టి కుండ ముందు సీటు వెనకాల, రెండో చివర చెక్కిన జంతువు తల, అదే వ్యాళ ముఖం, డిక్కీ తలుపు వైపు. వీణ మెడ కింద తగిలించే బుర్రను మర తిప్పి ఊడదీసి విడిగా సంచిలో పెట్టుకోవాలి.

సీటు చదునుగా మడతపడుతుందని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకున్నాను. బల్లపరుపు మాత్రం కాదు. మడిచిన సీటు డిక్కీ నేల కన్నా నాలుగంగుళాలు ఎత్తులో ఆగుతుంది, పెట్టె దాని అంచు మీద ఎగిరిపడుతూ ఉంటుంది. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర 32 డెన్సిటీ ఫోమ్ నాలుగంగుళాల మందంలో కోయించి డిక్కీ నేల మీద పరిచి, దానిపైనా సీటుపైనా ఆనేలా 12 ఎంఎం ప్లైవుడ్ పలక వేస్తే సమానమవుతుంది. పలక లేకుండా ఒక్క ఫోమే వేస్తే బరువుకు ఒకవైపు కుంగి మళ్లీ అదే ఊపు. పెట్టెను ముందొక పట్టీ, వెనకొక పట్టీతో డిక్కీ కొక్కేలకు బిగించాలి. హసన్‌పర్తి దాటాక కరీంనగర్ రోడ్డు మీద ఎడ్లో బర్లో అడ్డమొచ్చి గట్టి బ్రేకు పడితే, కట్టని పెట్టె నేరుగా ముందు సీటు వీపును గుద్దుతుంది.

ఇక అసలు గోడు. మే నెలలో హైదరాబాదు వెళ్లొచ్చాక పెట్టె తెరిస్తే కుండ వైపు మెట్లు (తీగల కింద అడ్డంగా వరుసగా ఉండే లోహపు కడ్డీలు) చెక్కుచెదరలేదు. వ్యాళం వైపు మొదటి నాలుగూ పక్కకు వాలి ఉన్నాయి. మెట్లను నిలిపే మైనం గట్టు మీద గోరు పెడితే దిగింది. సారణి, అంటే మొదటి తీగ, మీటితే మూడో మెట్టు దగ్గర బర్రుమంది. దారంతా ఏసీ నడుస్తూనే ఉంది.

వీణ మెట్లను నిలిపేది తేనెమైనం, అందులో బొగ్గుపొడి కలుపుతారు. మైనం పూర్తిగా కరగడానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి గానీ, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మెత్తబడ్డాక గుంతల కుదుపే మెట్టును కదిలిస్తుంది. ఏసీ చల్లబరిచేది గాలిని. వెనక అద్దంలోంచి సూటిగా పడే ఎండ నల్లటి పెట్టెను కాలుస్తూనే ఉంటుంది, లోపలి గాలి బయటికి పోయే దారే లేదు. మామూలుగా డిక్కీ మీద ఉండే ట్రే ఆ ఎండను ఆపుతుంది. వీణ ఎక్కించాలంటే ట్రే తీసేయాలి. ఈ లెక్క ఏ సేల్స్ కుర్రాడూ చెప్పడు.

దానికి తోడు మన దారి. వరంగల్ నుంచి హైదరాబాదు నైరుతిగా ఉంటుంది. పొద్దున బయల్దేరితే ఎండ వెనక అద్దంలోంచి, సాయంత్రం తిరిగొస్తుంటే వెనక ఎడమ మూలలోంచి. వీణ ఉండేదీ ఎడమ వైపే. పోతున్నా వస్తున్నా ఆ నాలుగు మెట్లకే దెబ్బ. పైగా జనగామ దగ్గర టీకి ఆపి, ఏసీ బందుపెట్టి అద్దాలు మూస్తే, ఆ ఎండలకు లోపల 60 దాటడం పెద్ద వింతేమీ కాదు.

వెనక అద్దానికి నల్ల ఫిల్ము వేయిద్దామంటే రూల్సు ఒప్పుకోవు. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. పనికొచ్చింది వేరే. రేకుల కప్పు కింద వేసే వెండిపొర ఫోమ్ షీటు 10 ఎంఎం మందంలో తెచ్చి, వెండి వైపు పైకి వచ్చేలా పెట్టె మీద కప్పి, అంచులు పక్కలకు మడిచి, దానిమీద తెల్ల దుప్పటి వేయాలి. షీటు అద్దానికి కాక పెట్టెకే ఉంటుంది కాబట్టి వెనక చూపు పోదు. ఇంట్లో ఉండే బొంత మందంగా ఉన్నా అంత పనిచేయదు, ఎండను తిప్పికొట్టకుండా వేడిని తనలో దాచుకుంటుంది. షీటు వేశాక మెట్లు మళ్లీ కదల్లేదు. అయినా మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా తెల్లారకముందే బయల్దేరడం మేలు.

తీగలను ఒక స్వరం దించి తీసుకెళ్లండి, మొత్తం వదులు చేయకండి. కుండ మీద తీగలు ఆనే గుర్రాన్ని నిలిపేది తీగల బిగువే, అది పోతే గుర్రం జారుతుంది. చేరాక పెట్టె మూత తీయకుండా అరగంట హాల్లో ఉంచాలి. వేడికి సాగిన తీగలు చల్లబడుతూ శ్రుతి పెంచుతాయి, వెంటనే సరిచేస్తే కచేరీ మధ్యలో మళ్లీ తీగలు బిగించే బిరడాలు తిప్పాలి.

మరి కొనొచ్చా అంటే, నాకైతే సరిపోయింది. మా ఇంట్లో ముగ్గురమే, ఒక్కటే వీణ, మోసేదీ నేనే. ఐదడుగుల మగ తంబురా ఉన్నవాళ్లకు ఇది చాలదు, ముందు సీటు వీపును కూడా వెనక్కి వాల్చాల్సి వస్తుంది, అంటే ఒక మనిషి తగ్గినట్టే. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు పెట్టించే ఉద్దేశం ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు, వీణ పట్టదు. సెడాన్ డిక్కీలో నీడ ఉంటుంది గానీ ఏసీ అందదు. వెనక సీటు మడిచినా ఆ సందులోంచి కుండ దూరదు. మూడో వరుస సీట్లు ఊడదీసే ఏడు సీట్ల బండ్లలో పొడవు ఇంకా హాయిగా దొరుకుతుంది, తంబురా వాళ్లు అటు చూడొచ్చు. కాకపోతే ఆ బండ్లకూ వెనక అద్దం ఉంటుంది, ఫోమ్ షీటు అక్కడా కొనాల్సిందే.