అమ్మే ఇంటికి రంగులా, గేటూ గడపా? ఏది మేలు?

నాయన కట్టించిన ఇల్లు అమ్ముదామనుకోగానే మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. బావది రంగుల పార్టీ. లోపలా బయటా పుట్టీ పట్టించి, రెండుసార్లు ఎమల్షన్ రంగు వేస్తే రేటు దానంతటదే వస్తుందంటాడు. అమ్మది గేటు పార్టీ. "వచ్చినోళ్లు ముందు నిలబడేది గేటు కాడే కదరా" అంటుంది. ఏమీ చేయకుండా ఉన్నదున్నట్టు చూపించి కాస్త తగ్గించి ఇచ్చేద్దామని నేనంటే, సోమరితనం అని ఇద్దరూ కలిసి కొట్టిపారేశారు. అది కొంత నిజమే. పైగా తుప్పు గేటు చూసి కొనేవాళ్లు తగ్గించమనే డబ్బు, దాన్ని బాగు చేయించే ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి నా పార్టీ అక్కడితో రద్దు.

రంగుల సంగతి చూద్దాం. కొత్త కాలనీల్లో పదేళ్ల ఇల్లయితే బావ మాటే మేలు. ఎండకు వెలిసిపోయిన గోడకు ఒక్క రంగు చాలు, ఇల్లు వయసు తగ్గినట్టే ఉంటుంది. మాది కర్నూలు వన్‌టౌన్‌లో ఇల్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మునిగింది. మెట్ల కింద గోడకు నా ఛాతీ ఎత్తున మట్టిరంగు గీత ఇంకా ఉంది. నాయన అక్కడ మాత్రం రంగు వేయనిచ్చేవాడు కాదు. ఈ వీధుల్లో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వాస్తు కన్నా ముందు అడిగేది "నీళ్లు ఎంతవరకొచ్చినాయన్నా?" అనే. అలాంటి చోట కింది మూడడుగులు మాత్రం తళతళలాడుతూ కొత్త వాసన వేస్తుంటే, ఏదో దాస్తున్నారనే అనుకుంటారు. ఒకాయన ఏకంగా గోరుతో గీకి చూశాడు.

ఆయన గీకిన చోటు కూడా తప్పేం కాదు. పునాది చెమ్మను గోడ పైకి లాగుతుంది. ఆ నీళ్లు ఆరిపోయినా వాటితో వచ్చిన ఉప్పు పైనే మిగులుతుంది. తెల్లగా పిండిలా రాలేది అదే. దాని మీద పుట్టీ పట్టిస్తే కొన్నాళ్లకు బుడగలా ఉబ్బి పెచ్చులూడుతుంది. మా వెనకగదిలో చెమ్మకు వరదతో సంబంధమే లేదని తర్వాత తెలిసింది. అవతలి బాత్రూంలో పైపు జాయింటు కారుతోంది! ప్లంబరు ఒక పూటలో సరిచేశాడు. ముందే రంగు వేయించి ఉంటే ఆ డబ్బంతా గోడకు పోసినట్టే. ఉప్పు గోడను గీకించి, ఆరనిచ్చి, ఆ తర్వాతే రంగు. అంత ఓపిక లేకపోతే వేయకపోవడమే నయం.

గేటు పనికి మాకు రెండు రోజులు పట్టింది. గరుకు కాగితంతో తుప్పు గీకి, తుప్పు మళ్లీ పట్టకుండా రెడాక్సైడ్ పూత కొట్టి రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు నల్ల ఎనామిల్ వేశాం. కిర్రుమనే బందులకు గ్రీజు పెట్టాం. ఎండిపోయి నల్లబడ్డ దిష్టి గుమ్మడికాయ తీసేసి కొత్తది కట్టాం. గడపకు అమ్మ పసుపు రాసింది. వీధి లైటు వెలుగు మెట్ల దాకా రాదని వసారాలో ఒక బల్బు పెట్టించాం. ఎండాకాలం కర్నూల్లో పగలు ఎవరు వస్తారు, చూసేవాళ్లంతా సాయంత్రమే కదా.

బండల దగ్గర మాత్రం జాగ్రత్త. వసారాలో ఉన్నవి బేతంచెర్ల బండలు. మరకలు పోవాలని బావ బాత్రూం యాసిడ్ సీసా తెచ్చాడు. కడప బండైనా బేతంచెర్ల బండైనా సున్నపురాయే. యాసిడ్ పడగానే నురగ కక్కుతుంది, ఆ నురగతో పాటే మెరుపూ పోతుంది. ఒక మూల పోసి చూశాడు, అరచేతంత తెల్లమచ్చ పడింది. ఇప్పుడు దాని మీద పూలకుండీ ఉంది. మిగతా బండలను సబ్బునీళ్లు, కొబ్బరిపీచుతో రుద్దితే చాలావరకు తేలాయి. మరీ అరిగిపోతే మిషన్ పాలిష్ పెట్టించుకోవచ్చు. కానీ ఆ బురదనీళ్లు ఇల్లంతా పారతాయి, సామాను ఉండగా పెట్టుకోవద్దు.

మొత్తానికి వీధివైపు గోడ ఒక్కదానికే రంగు వేయించి, మిగతా డబ్బు పైపుకూ గేటుకూ పెట్టాం. బావ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. మెట్ల కింద గీతను అలాగే వదిలేశాం. అడిగినవాళ్లకు అమ్మే తీసుకెళ్లి చూపిస్తోంది. ఇద్దరు ఇష్టపడ్డారు గానీ ఆషాఢం ముందు బేరం తెగలేదు. ఒకరు శ్రావణంలో మళ్లీ వస్తామన్నారు. అప్పటిదాకా వారానికోసారి వెళ్లి వాకిలి ఊడ్చి, పూలకుండీకి నీళ్లు పోసి వస్తున్నాం.