బైపాస్ తర్వాత మళ్లీ అడ్మిషన్: మెడికేర్ 'కేర్ కంపేర్' సైట్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

అమెరికాలో అమ్మకో నాన్నకో బైపాస్ చేయించాల్సి వస్తే, ఆపరేషన్ తర్వాత ఏ ఆసుపత్రిలో ఎంతమంది మళ్లీ చేరాల్సి వస్తోందో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉచితంగా చూపించే సైట్ ఇది. 2020లో పాత 'హాస్పిటల్ కంపేర్' స్థానంలో వచ్చింది.

జిప్ కోడ్ కొట్టి, ఆసుపత్రి పేజీలో 'అన్‌ప్లాన్డ్ హాస్పిటల్ విజిట్స్' దాకా వెళ్లాలి. పైన కనిపించే స్టార్లు ఆసుపత్రి మొత్తానివి, వాటితో గుండె ఆపరేషన్ సంగతి తేలదు. బైపాస్ వరుసలో శాతం కంటే ముందు కేసుల సంఖ్య చూడండి. 25 లోపైతే సైటే పోల్చదు. అంతకంటే కాస్త ఎక్కువుంటే అసలు చిక్కు. కేసులు తక్కువున్న ఆసుపత్రి అంకెను లెక్కగట్టే పద్ధతే జాతీయ సగటు వైపు లాగేస్తుంది. అలాంటి చోట 'సగటుతో తేడా లేదు' అంటే బాగుందని కాదు, తేల్చేంత సమాచారం లేదనే. ఎక్కువ ఆసుపత్రులకు కనిపించేదీ ఆ మాటే. కాబట్టి మంచిదాన్ని ఎంచుకోవడానికి కాదు, మరీ వెనకబడ్డదాన్ని పక్కన పెట్టడానికే ఈ సైట్ అక్కరకొస్తుంది.

డిశ్చార్జి నుంచి 30 రోజుల్లో ఏ కారణంతోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా అనుకోకుండా చేరితే అది ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఖాతాలోనే పడుతుంది. ఛాతీ గాయానికి ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, గుండె లయ తప్పడం, హార్ట్ ఫెయిల్యూర్ మామూలుగా కనిపించే కారణాలు. బైపాస్‌తో పాటు వాల్వ్ కూడా మార్చిన కేసులు ఇందులో ఉండవు. లెక్కంతా 65 దాటిన మెడికేర్ రోగులది. విజిటర్ వీసా మీద వచ్చి ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొచ్చే మన పెద్దవాళ్లు ఇందులోకి రారు.

పెద్ద లోటు ఒకటుంది. ఎమర్జెన్సీలో చూసి ఇంటికి పంపినా, 'అబ్జర్వేషన్' పేరుతో ఒక రాత్రి ఉంచినా అది రీఅడ్మిషన్ కాదు. రీఅడ్మిషన్లు మరీ ఎక్కువైన ఆసుపత్రులకు మెడికేర్ వేసే పెనాల్టీ లెక్కలో 2017 ఆర్థిక సంవత్సరం నుంచి బైపాస్ కూడా చేరింది. మెడికేర్ చెల్లింపుల్లో 3 శాతం దాకా కోత పడొచ్చు. అబ్జర్వేషన్ కింద ఉంచితే ఆ లెక్కలోకి రాదు కాబట్టి, అబ్జర్వేషన్ అంకెలను సర్జన్ ఆఫీసులో విడిగా అడగాలి. డిశ్చార్జయ్యాక రెండు మూడు రోజుల్లో నర్సు ఫోన్ చేస్తారా, గాయం చూసే అపాయింట్‌మెంట్ ముందే ఇస్తారా, ఒక్కరోజులో కిలో పైగా బరువు పెరిగితే (ఒంట్లో నీరు చేరుతోందనడానికి గుర్తు కావచ్చు) అర్ధరాత్రి ఎవరికి చేయాలి? ఈ మూడూ సైట్లో దొరకవు.