లేహ్ గ్రూప్ టూరుకు అడ్వాన్సు కట్టే ముందు: తిరుపతి, చిత్తూరు వాళ్లకు జాగ్రత్త హెచ్చరిక

అన్నలూ, అక్కలూ, ఎండాకాలం సెలవులు దగ్గర పడేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాంప్లెట్ తిరుగుతుంది. మనాలి నుంచి లడఖ్‌లోని లేహ్, ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు, 17 సీట్ల టెంపో ట్రావెలర్, తెలుగు వంటమనిషి, ఆక్సిజన్ సౌకర్యం, అన్నీ కలిపి ఒకే రేటు. ఇలాంటి ప్యాకేజీ తీసుకుని దారిలో వాంతులతో పడిపోయినవాళ్లు, లేహ్‌లో బండికి మళ్లీ డబ్బు కట్టినవాళ్లు, ఇంటికొచ్చాక ఫోనెత్తని ఆర్గనైజరు చుట్టూ తిరుగుతున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. సంస్థ పేరు రాయడం లేదు. బోర్డు మారినా పాంప్లెట్ అదే, దెబ్బ తగిలే చోట్లూ అవే.

ముందు డే-వైజ్ ప్రోగ్రాం తీయండి. ఏమేం చూపిస్తారో తర్వాత చూద్దాం, ఏ రాత్రి ఎక్కడ పడుకోబెడతారో చూడండి. చౌక ప్యాకేజీలో వరస ఇలా ఉంటుంది: మొదటి రాత్రి మనాలి, రెండో రాత్రి దారి మధ్యలో సర్చూ టెంట్లు, మూడో రాత్రి లేహ్, నాలుగో రోజు పొద్దున్నే ఖర్దుంగ్ లా (లా అంటే కనుమ). మనాలి 2,050 మీటర్ల ఎత్తు. సర్చూ దాదాపు 4,290. అంటే ఒక్క రోజులో పడక 2,200 మీటర్లు పైకి పోతుంది. కొండ ప్రయాణాల డాక్టర్లు చెప్పే లెక్క వేరు: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తిగా ఆగాలి. పగలు ఎత్తైన కనుమ ఎక్కి దిగిపోతే శరీరం చాలావరకు ఓర్చుకుంటుంది. ఎత్తులో నిద్రపోతేనే తెల్లారేసరికి అసలు కథ మొదలవుతుంది.

"మనకు కొండలు కొత్తా? రోజూ తిరుమల ఎక్కేవాళ్లం" అని ఆర్గనైజరే నవ్వుతూ అంటాడు. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు. హార్సిలీ హిల్స్ 1,300 లోపే. పాత ఘాట్‌లో 36 మలుపులు కళ్లు మూసుకుని దిగే డ్రైవరుకు లేహ్ దారిలోని గాటా లూప్స్‌లోని 21 మలుపులు లెక్కలోకి రావు, నిజమే. కానీ ఆ మలుపులు మొదలయ్యేదే 4,000 మీటర్ల పైన. స్టీరింగ్ తిప్పే చేతులకు అలవాటు ఉంటుంది గానీ ఊపిరితిత్తులకు ఉండదు.

సర్చూతో ఇంకో చిక్కుంది, దాన్ని ఏ పాంప్లెటూ చెప్పదు. ఎవరికైనా ఒంట్లో బాగలేకపోతే చేయాల్సిన మొదటి పని కిందికి దింపడం. సర్చూ నుంచి వెనక్కి రావాలంటే 4,890 మీటర్ల బారాలాచా కనుమ ఎక్కి దిగాలి. ముందుకు పోవాలంటే నకీ లా, ఆ తర్వాత 5,059 మీటర్ల లాచుంగ్ లా. ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. రాత్రి రెండు గంటలప్పుడు, ఫోన్ సిగ్నల్ లేని చోట, ఊపిరాడని మనిషిని పట్టుకుని.

మరి రాత్రికి సర్చూలోనే ఎందుకు ఆపుతారు? ఒక రాత్రి గది ఖర్చు మిగులుతుంది. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ కనుమ కింద 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరవక ముందు రోహ్‌తాంగ్ దగ్గర లైన్లలోనే పొద్దు గడిచిపోయేది, బండి దారిలోని కీలాంగ్‌లో ఆగక తప్పేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నానికే కీలాంగ్ దాటేస్తారు. రోడ్డు బాగుపడి మనకు అలవాటు పడే టైము పోయింది.

సరైన ప్రోగ్రాంలో జిస్పా గానీ కీలాంగ్ గానీ ఉంటుంది, రెండూ 3,100, 3,200 మీటర్ల దగ్గర. అక్కడ రెండు రాత్రులు ఆగి, మూడో రోజు తెల్లారుజామునే బయల్దేరి సర్చూ, పాంగ్ పగలే దాటేసి రాత్రికి లేహ్ చేరాలి. 300 కిలోమీటర్లు దాటిన ప్రయాణం, నడుములు విరిగేదే, అయినా అదే మేలు. ఇంకా మంచిది శ్రీనగర్ వైపు నుంచి ఎక్కడం. శ్రీనగర్ 1,585, కార్గిల్ 2,676, లేహ్ 3,500. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన ఫోటు లా కూడా 4,108 మీటర్లే. అటు ఎక్కి, అలవాటు పడ్డ శరీరంతో మనాలి వైపు దిగాలి. రెండు దారుల్లోనూ లేహ్‌లో రెండు రాత్రులు పూర్తిగా ఆగాకే ఖర్దుంగ్ లా. విమానంలో నేరుగా లేహ్ దిగేవాళ్లకు ఆ రెండు రోజులూ గది దాటని విశ్రాంతి కావాలి. తర్వాత ముందు నుబ్రా లోయ, ఆ వెనక పాంగాంగ్ సరస్సు. నుబ్రాలో హుందర్ లేహ్ కంటే తక్కువ ఎత్తు, పాంగాంగ్ ఒడ్డు 4,250. ప్రోగ్రాంలో పాంగాంగ్ ముందుంటే, రాసినోడికి ఎత్తుల లెక్క తెలియదని అక్కడే అర్థమైపోతుంది.

తలనొప్పితో పాటు వాంతి, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బే, గ్యాస్ ట్రబుల్ కాదు. ఇంక ఒక్క మీటరు కూడా పైకి పోకూడదు. మడమకు బొటనవేలు తగిలేలా గీత మీద నడవమనండి. తూలితే, లేదా మాట తడబడితే మెదడులో నీరు చేరుతోందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, నురగ దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో. ఈ రెండింటికీ తెల్లారేదాకా చూద్దాం అనే మాటే లేదు, వెంటనే దింపాలి. టూర్ మేనేజరు ఇచ్చే నిద్రమాత్ర అస్సలు వేసుకోవద్దు, నిద్రలో శ్వాస ఇంకా తగ్గుతుంది. ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. బీపీ, గుండె, ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఊళ్లోనే డాక్టరు దగ్గరికెళ్లి "5,300 మీటర్లు ఎక్కుతున్నాం" అని అంకె చెప్పి అడగండి. "నార్త్ టూరు పోతున్నాం" అంటే ఆయన కాశీ అనుకుంటాడు.

ఇప్పుడు ఆ ఆక్సిజన్ సౌకర్యం. బండిలో అడిగితే తీసి చూపించేది దోమల స్ప్రే అంత డబ్బా. మూతికి ప్లాస్టిక్ మాస్కు, పక్కన చిన్న అక్షరాల్లో 6 లీటర్లనో 10 లీటర్లనో ఉంటుంది. ఆస్పత్రిలో ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్లు పెట్టినా ఆ 10 లీటర్లు అయిదు నిమిషాల్లో అయిపోతాయి. జబ్బు పడిన మనిషిని కిందికి దింపడానికి పట్టేది గంటలు. కావాల్సింది బీ-టైపు సిలిండరు. దాదాపు 1,500 లీటర్లు పడుతుంది, అదే 2 లీటర్ల చొప్పున 12 గంటలు దాటి వస్తుంది. సిలిండరు ఉందనగానే ఊరుకోవద్దు. రెగ్యులేటరు, ఫ్లో మీటరు, ముక్కు గొట్టాలు, వాల్వు తిప్పే తాళం, ఈ నాలుగూ ఉన్నాయా? తాళం లేకపోతే సిలిండరు ఉత్త ఇనుప దుంగే. బండి ఎక్కే రోజు వాల్వు తెరిపించి గేజి ముల్లు చూడండి. నిండు సిలిండరు 150 దగ్గర చూపిస్తుంది. 50 దగ్గరుంటే మీకు నాలుగు గంటలే.

బండి సంగతి. తెల్ల నంబరు ప్లేటుతో అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి దొరికే మొదటి సాకు అదే. బండి నంబరు ముందే తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో సీట్ల సంఖ్య, ఫిట్‌నెస్, బీమా, టూరిస్టు పర్మిట్ గడువు చూసుకోండి. నంబరు బయల్దేరే రోజు చెప్తామంటే బండి ఇంకా కుదరలేదని అర్థం.

ఇక్కడి నుంచి తీసుకెళ్లే బండ్లకు రేడియేటరే గండం. మన ఎండలకు బోరు నీళ్లు పోసి నడిపేస్తారు. జూన్ మొదట్లో, సెప్టెంబరులో సర్చూ వైపు రాత్రి సున్నా కిందికి పోతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, రేడియేటరో ఇంజిన్ బ్లాకో పగులుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పగలు ఇంకో బాధ: 5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి రేడియేటరు మూత రబ్బరు వదులైతే ఎక్కుడులోనే పొంగిపోతుంది. ఆ పాంప్లెట్‌లోని తెలుగు వంటమనిషి గుట్టు కూడా ఇక్కడే బయటపడుతుంది. ప్రెషర్ కుక్కరు లేకుండా గిన్నెలో వండితే సర్చూలో అన్నం పలుకే, పప్పు రాయే. సామాన్ల లిస్టులో పెద్ద కుక్కరు ఉందా అని అడగండి, నవ్వొచ్చినా సరే.

టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు బలం తగ్గుతుంది. 5,328 మీటర్ల టాంగ్లాంగ్ లా మీద గాలి కింద ఉన్నదాంట్లో సగమే. 17 సీట్లలో 17 మందిని, పైన లగేజీని కుక్కితే బండి మొరాయిస్తుంది, 12, 13 మంది చాలు. స్టెప్నీలు రెండు, తాడు, జంపర్ కేబుల్ ఉండాలి. కీలాంగ్‌కు ముందు తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లని చెప్పే బోర్డు ఏళ్లుగా ప్రసిద్ధి. అక్కడ ట్యాంకు నింపకుండా కదలొద్దు. దారిలో నాలాలు (రోడ్డు మీదుగా పారే వాగులు) మంచు కరిగే నీళ్లు, మధ్యాహ్నానికి ఉధృతి పెరుగుతుంది. ఎనిమిదింటికి టిఫిన్లు చేసి తీరిగ్గా బయల్దేరే ప్రోగ్రాం అక్కడ పనికిరాదు.

డబ్బు ఎక్కువగా పోయేది లేహ్‌లో. బయటి రాష్ట్రాల ట్యాక్సీ లేహ్ దాకా తెచ్చి దింపొచ్చు. అక్కడి నుంచి నుబ్రా, పాంగాంగ్ తిప్పడానికి లడఖ్ ట్యాక్సీ యూనియన్లు ఒప్పుకోవు, లోకల్ బండే మాట్లాడుకోవాలి, రేట్లు యూనియన్ నిర్ణయించినవే. ఆర్గనైజరుకు ఇది మొదటి రోజు నుంచే తెలుసు. అందుకే పాంప్లెట్ అడుగున "లోకల్ సైట్‌సీయింగ్ యూనియన్ నిబంధనల ప్రకారం" అని ఒక ముక్క రాసి ఉంటుంది. దాని అర్థం ఆ ఖర్చు మీదే అని. బైకు ప్యాకేజీలోనూ ఇదే తంతు: మనాలిలో అద్దెకు తీసుకున్న బైకు లేహ్ దాటి ఖర్దుంగ్ లా ఎక్కనివ్వరు, లేహ్‌లో ఇంకో బైకు తీసుకోవాలి. సొంత పేరు మీద ఆర్సీ ఉంటే ఇబ్బంది లేదు.

పర్మిట్ల పేరుతో వసూలు చేసేవీ చూడండి. భారతీయులకు లడఖ్‌లో ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకు వెళ్లే అనుమతి) 2021లోనే ఎత్తేశారు. పర్యావరణ రుసుము లాంటివి ఉంటాయి, అవి ఆన్‌లైన్‌లో మనమే కట్టుకోవచ్చు. టన్నెల్ లోంచి వెళ్లే బండికి రోహ్‌తాంగ్ పర్మిట్ అక్కర్లేదు. ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు అనేదీ ఉత్తిదే: ఖర్దుంగ్ లా బోర్డు మీద 18,380 అడుగులని ఉన్నా అసలు ఎత్తు 17,582. లడఖ్‌లోనే 19,024 అడుగుల ఉమ్లింగ్ లా మీద 2021లో రోడ్డు పూర్తయింది. ("ఖర్దుంగ్ లా పాస్" అని రాసినోడు కనుమ కనుమ అంటున్నాడు.)

లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, గుంపులో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

అడ్వాన్సు వ్యక్తి పేరున్న యూపీఐకి పంపొద్దు. జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, ఆంధ్రా రిజిస్ట్రేషన్ అయితే 37తో మొదలవుతుంది, యాక్టివ్ అని చూపాలి. టూర్ ప్యాకేజీ మీద మామూలుగా పడేది 5 శాతం. 18 అంటే బిల్లు చూపించమనండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు పాంప్లెట్, వాట్సాప్ చాట్, లీటర్లు కనిపించేలా ఆక్సిజన్ డబ్బా ఫొటో, లేహ్‌లో లోకల్ బండికి కట్టిన రసీదు దాచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఢిల్లీ, మనాలి తిరగనక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. డబ్బు తీసుకుని మనిషే మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

కొత్తగా బుక్ చేసేవాళ్లు ఈ మెసేజ్ యథాతథంగా పంపండి:

"అన్నా, అడ్వాన్సు వేసే ముందు ఇవి రాసి పంపండి. ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ హోటల్లో? లేహ్ నుంచి నుబ్రా, పాంగాంగ్‌కు లోకల్ బండి ఖర్చు ప్యాకేజీలోనే ఉందా? ఆక్సిజన్ ఎన్ని లీటర్ల సిలిండరు, ఎన్ని? బండి నంబరు ఎంత? బారాలాచా మూసేస్తే ఏ దారిన తీసుకెళ్తారు, వెళ్లలేకపోతే ఎంత వెనక్కి ఇస్తారు? ఒకరిని దారిలో దింపాల్సొస్తే వాళ్లతో ఎవరు, ఏ బండిలో దిగుతారు?"

ఆఖరి ప్రశ్నకు చాలామంది ఆర్గనైజర్లు ఫోన్ చేస్తారు గానీ రాసి పంపరు.